ఆయ్ అన్నాకే పాట

మా అక్కయ్య పాటను ఆపేసేరు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఆమధ్య ఒక పొద్దున్న కంప్యూటర్ తెరిచి చూద్దును కదా, ఆవిడ గొంతు ఉండవలసిన చోట బూడిదరంగు చదరం ఒకటి, ఆ పాటని ఆడించే ఫ్లాష్ అనే ప్రోగ్రాం ఇక నడవదని ఓ ముక్తసరి వాక్యం. కాలం చెల్లిందట! ఎవరికి చెల్లిందండీ? అక్కయ్య పోయింది, ఆవిడ పాడిన క్యాసెట్టు బూజుపట్టి పోయింది, ఆ పాట మిగిలింది ఆ ఫ్లాష్ ఫైలులోనే.

రెండువేల సంవత్సరం దాటిన రోజులు. మా బావగారు గల్ఫులో పడవ మీద పనికి వెళ్ళేరు. అమలాపురం నెట్ సెంటరులో పుస్తకాలు ముందేసుకుని, నాకు నేనే నేర్చుకుని, ఆయన కోసం ఒక వెబ్ పేజీ కట్టేను. అక్కయ్య పాట ఫ్లాష్ ఫైలులో ఉంటుంది. పేజీలో బొత్తాం నొక్కితే నేను జావాస్క్రిప్టులో రాసిన కోడు ఆ ఫైలుకి పాడమని కబురు పెడుతుంది. ఇక్కడ చక్కగా పాడేది; అక్కడి నెట్ సెంటరులో ఆయన ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "ఏం బావా, మీ అక్క నామీద అలిగిందా, నువ్వే మూగ బొత్తాం కుట్టేవా?" అని ఫోనులో బావగారి ఎగతాళి. నవ్వేరే గానీ, ఆ గొంతు కోసం ఆయనెంత మొహం వాచి ఉన్నారో నాకు తెలుసు.

ఆ బెంగతోనే ఒకనాడు గోదారి దాటడానికి అక్కయ్యతో ముక్తేశ్వరం రేవులో నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న పడవ అతనికి కేకేసి, ఎంతమందిమో, ఏ సామానుందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే ఆవిడ కసిరింది: "ముందు అతన్ని ఆయ్ అని పలకనీరా! వినేవాడు లేకుండా ఎవరికి చెబుతున్నావు?"

జరిగింది అదేనండీ. అక్కడి లైను నత్తనడక. పేజీ ముందొచ్చేది, బరువైన పాట వెనకాల వచ్చేది. ఈలోగా నొక్కితే ఆ కబురు అందుకునే దిక్కే లేదు. అందుకని పాట పూర్తిగా దిగాక ఆ ఫైలే ముందు పేజీని పిలిచేటట్టు, ఆ పిలుపు అందాకే బొత్తాం వెలిగేటట్టు రాసేను. ఆ పిలుపుకి 'ఆయ్' అనే పేరు పెట్టేను. ఆ మర్నాడు ఫోనులో, పాట విన్న బావగారు ముక్కు ఎగబీల్చడం వినబడింది.

ఇప్పుడు రేవులో కేకలు లేవు, పడవ అతనికీ సెల్లుంది. ఎదుటివాడు ఉన్నాడో లేడో చూడకుండానే అందరూ చెప్పేసి పోతున్నారు, ఆపేసేవాళ్ళూ అంతే. ఆ మంటతోనే బెంగళూరులో ఉన్న మేనకోడలికి, అంటే అక్కయ్య కూతురికి, ఆ పేజీ మొత్తం పంపి, దీన్ని బతికించమ్మా అని రాసేను. బావగారుంటున్నదీ ఆ పిల్ల దగ్గరే. చాన్నాళ్ళకి జవాబు వచ్చింది:

"మావయ్యగారూ, పాత ఫ్లాష్ ఫైళ్ళని ఆడించే ప్రోగ్రాం ఒకటి దొరికిందండీ, అమ్మ పాడుతోంది. ఇప్పుడు లైన్లు వేగం కదా, మీ ఆయ్ అక్కర్లేదన్నారు మా ఆఫీసువాళ్ళు. నేను తియ్యనివ్వలేదండీ. నాన్నగారు బొత్తాం వెలిగేదాకా కళ్ళార్పకుండా చూసి, అప్పుడు నొక్కేరు."