పాపాయమ్మ సమ్మెట, పాత లాంచి ఇరుసు

మా తాత సామ్యేలుగారు గోదావరి కాలవల మీద ఆవిరి లాంచి నడిపేవారు. ఉప్పెన చూశారు, వరదలు చూశారు, రాజమండ్రి దగ్గర రైలు వంతెన స్తంభాలు ఒక్కొక్కటే నీళ్లలోంచి పైకి లేవడం చూశారు. అయినా ఆయన్ని బాగా ఆశ్చర్యపరిచింది ఏంటని అడిగితే, వీటిలో ఒక్కటీ చెప్పేవారు కాదు. పాలకొల్లుకు ఎగువన కొత్తలాకు అనే ఊళ్లో ఉండే పాపాయమ్మ అనే కమ్మరి ఆవిడ సంగతి చెప్పేవారు.

పాపాయమ్మ పుట్టిల్లు మొగల్తూరు. కొత్తలాకులో కమ్మరి బుల్లియ్యకిచ్చి చిన్నతనంలోనే పెళ్లి చేశారు. కాపరానికి వచ్చిన కొత్తలో కొలిమి దగ్గర ఆమె పని తిత్తులు ఊదడం ఒక్కటే. ఎర్రగా కాగిన ఇనుమును బుల్లియ్య పటకారుతో పట్టుకుంటే, ఆయన తండ్రి సమ్మెట వేసేవాడు. ఒక ఏడాది తొలకరి ముందు మామగారు జ్వరంతో పోయాడు. దినాలు అయ్యాయో లేదో రైతులు అరిగిన నాగలి కర్రులు పట్టుకొని వాకిట్లో నిలబడ్డారు. సమ్మెట వెయ్యడానికి మనిషి దొరకలేదు. పాపాయమ్మ కొంగు నడుముకు బిగించి సమ్మెట ఎత్తింది.

మొదటిరోజు వాకిట్లో నవ్విన వాళ్లున్నారు. ఆ వానాకాలం పోయేసరికి నవ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బుల్లియ్య చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తే, ఆమె సమ్మెట సరిగ్గా అక్కడే పడేది. వాళ్లిద్దరూ పని మధ్యలో మాట్లాడుకునేవారు కాదు. సుత్తి ఒకసారి మోగితే గట్టిగా వెయ్యమని, కింది దాగలి దిమ్మ అంచున రెండుసార్లు మోగితే ఆపమని. మా తాతగారు ఆవిణ్ణి ఎరిగేనాటికి ఆమెకు నలభై దాటాయి. కొడుకులిద్దరూ బళ్ల చక్రాలకు పట్టాలు వేసే పనిలో ఊళ్లు తిరిగేవారు. కొలిమి దగ్గర మాత్రం ఎప్పట్లాగే మొగుడూ పెళ్లాం ఇద్దరే.

అప్పట్లో మా తాతగారు నడిపే లాంచి భీమవరం దగ్గరి భూస్వామి కాశీవిశ్వనాథరాజుగారిది. నరసాపురం నుంచి జనాన్నీ ధాన్యాన్నీ ఎగువకు తీసుకెళ్లేది. అప్పటికే పాతబడిపోయింది. సముద్రపు పోటు తగిలే ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి తిరగడంతో అడుగుభాగం దెబ్బతింది. ఒక వేసవిలో, మరమ్మతుల కోసం కాలవ నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడగా, కొత్తలాకు దగ్గరికి వచ్చేసరికి లాంచి వెనకభాగం గడగడా వణికింది. బల్లల మీద కూర్చున్న ఆడవాళ్లు కేకలు పెట్టారు. మా తాతగారు ఆవిరి తగ్గించి, గెడలతో తోయించి లాంచిని, కాలవకు అడ్డంగా రాతిగోడలూ తలుపులూ ఉన్న లాకులోకి చేర్చారు.

కాలవ కట్టేశాక లాకులో నీళ్లు దిగిపోయాయి. కింద పరిచిన దుంగల మీద లాంచి కూర్చుంది. అంతవరకు దాని అడుగు ఎవరూ చూసింది లేదు. ఊరంతా లాకు గోడల మీద చేరింది. మా తాతగారు బురదలోకి దిగి చూసి నీరసపడిపోయారు. రేకుల్ని పట్టి ఉంచే మరలు తుప్పు తిని, వేలితో గీకితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఇంజను నుంచి వెనక్కి వచ్చి, నీళ్లను నెట్టి లాంచిని నడిపే నీటిచక్రాన్ని తిప్పే ఇనప ఇరుసు, పడవ గోడ దాటి బయటికొచ్చే చోట ఎలుక కొరికిన చెరుకు గడలా అరిగిపోయి ఉంది.

రాజుగారు గుర్రం మీద వచ్చి చూశారు.

"ఇక దీని పనైపోయింది సామ్యేలూ. విరగ్గొట్టించి ఇనుముగా అమ్మేద్దాం."

"అయ్యా, ఇంజను బంగారంలా ఉందండి. బాయిలరూ బాగానే ఉందండి. ఇరుసు మారిస్తే పదేళ్లు తిరుగుద్దండి."

"ఎవరు మారుస్తారు?"

"ధవళేశ్వరం కార్ఖానాలో కొత్త ఇరుసు మరమీద చెక్కి ఇస్తారండి. ఇక్కడి పని నేను చూసుకుంటానండి."

రాజుగారు కాసేపు మీసం దువ్వుకున్నారు. "సరే. మళ్లీ నీళ్లు వదిలేలోగా కదిలితే ఉంచుతా. కదలకపోతే నన్ను మళ్లీ అడక్కు."

"ఆయ్, చిత్తమండి."

అంత ధైర్యంగా అన్నారు గాని, మా తాతగారికి ఒక్కటే బెంగ. పాత ఇరుసు కొసన నీటిచక్రం బిగుసుకుపోయి ఉంది. మూడు రెక్కలు, చేటంత వెడల్పు ఒక్కొక్కటి. అది పోత ఇనుము. దెబ్బ తప్పి పడితే కుండలా పగులుతుంది. పగిలితే అలాంటిది మళ్లీ పోత పోయించడానికి ఆ ఏడాది చాలదు. చక్రాన్ని పగలకుండా ఊడదీసి బండి మీద ధవళేశ్వరం పంపితేనే, దాని బొక్కకు సరిపడా అక్కడ కొత్త ఇరుసు చెక్కగలరు. ఉప్పూ తుప్పూ కలిసి చక్రాన్నీ పాత ఇరుసునీ ఒకటి చేసేశాయి.

ఊళ్లో వాళ్లు కమ్మరి కొలిమి చూపించారు. మా తాతగారు క్రైస్తవులు. కొత్త ఊరు, కొత్త మనుషులు. అందుకని వాకిట్లోనే నిలబడి సంగతి చెప్పారు. పాపాయమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎండలో ఎందుకు బాబూ, లోపలికి రా. ఆ ఇరుసు లావెంతో చెప్పు."

ఆయన రెండు చేతుల వేళ్లు చుట్టి చూపించారు. ఆమె ఆ సందులోంచి ఆయన ముఖం వైపు చూసి, "అంత లావు ఇనుము గిరగిరా తిరుగుద్దా?" అంది. నమ్మలేదు. ఆ సాయంత్రం లాకులోకి దిగి స్వయంగా చూసేదాకా నమ్మలేదు. చూశాక చక్రం రెక్కల్ని అరచేత్తో తడిమింది. ఇంటంత లాంచిని, అందులో అంత జనాన్ని ఈ మూడు రేకులు నీళ్లలో తోస్తున్నాయంటే ఆమెకు ఒళ్లు జలదరించింది. "ఎవరి బుర్రలో పుట్టిందో మహానుభావుడు" అని దానికి దణ్ణం పెట్టింది.

ముందు కొన్నాళ్లు ఇరుసుకూ చక్రానికీ మధ్య ఆముదం పోస్తూ వచ్చారు. సందులో చీలలు దిగగొట్టి చూశారు. కదల్లేదు. బుల్లియ్య అరచెయ్యి చక్రం మీద ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

"కాల్చాలి" అన్నాడు.

"పగులుద్దేమోనండి" అన్నారు మా తాతగారు. "ఒక పక్క వేడెక్కి ఒక పక్క చల్లగా ఉంటే పోత ఇనుము ఆగదండి. బాయిలరు దగ్గర చూశాను నేను."

"అయితే అన్ని పక్కలా ఒకేలా వేడెక్కించాలి. ఆ సంగతి నువ్వు చూడు. నిప్పు సంగతి నేను చూస్తా."

అలా ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. చక్రం నడిమి గుబ్బ చుట్టూ బంకమట్టితో గూడు కట్టి, అందులో బొగ్గులు పేర్చారు. రెండు వైపులా తిత్తులు పెట్టారు. గుబ్బ సాగి వదులవ్వాలంటే లోపలి ఇరుసు ఉబ్బకూడదు. అందుకని గుబ్బ బయటున్న ఇరుసు మీద తడి గోనెలు చుట్టి నీళ్లు పోస్తూ ఉన్నారు. పొద్దుటి నుంచి మెల్లమెల్లగా వేడి పెంచారు. తొందరపడనివ్వకుండా మా తాతగారు చుట్టూ తిరుగుతూ ఒక్కో రెక్క మొదలు దగ్గర ఉమ్మితడి వేలితో చురుక్కుమనిపించి చూసేవారు. ఎండ నడినెత్తికొచ్చేసరికి వేడి సరిపోయింది.

బుల్లియ్య మట్టిగూడు పగలగొట్టి, గుబ్బకు ఒక పక్కన బరువైన ఇనప దిమ్మ ఆనించి, భుజంతో అదిమి పట్టాడు. రెండో పక్కన పాపాయమ్మ సమ్మెట ఎత్తింది. ఇటు పడే దెబ్బ బలం అటు దిమ్మ మీద ఆగాలి. అటూ ఇటూ జారితే రెక్క విరుగుతుంది, లేదా బుల్లియ్య చెయ్యి పోతుంది.

దెబ్బ పడింది. ఠంగుమంది. ఇరుసుతో సహా చక్రాన్ని కొంచెం తిప్పారు. మళ్లీ దెబ్బ. మళ్లీ ఠంగు. తిప్పడం, కొట్టడం, తిప్పడం, కొట్టడం. ఆమె రవిక చెమటకు అంటుకుపోయింది. చూపు మాత్రం దెబ్బ పడాల్సిన నాణెమంత చోటు మీంచి కదల్లేదు. ప్రతి దెబ్బకూ మా తాతగారు కళ్లు మూసుకొని "ప్రభువా" అనుకునేవారు.

ఒక దెబ్బకు ఠంగుమనాల్సింది ధప్పుమంది. వినీ వినపడనంత తేడా. అప్పటికే తరవాతి దెబ్బకు సమ్మెట ఆమె తల మీదికి లేచి, కిందికి దిగుతోంది. అది దిగితే వదులైన చక్రం ఎగిరి రాతిగోడకు తగిలి ముక్కలయ్యేది. రెండుసార్లు మోగించి ఆపమనడానికి, దిమ్మ పట్టుకున్న బుల్లియ్య చేతిలో సుత్తి లేదు. దిగుతున్న సమ్మెట గుబ్బకు జానెడు దూరంలో గాలిలో ఆగిపోయింది.

అంత బరువు, అంత వేగం. ఆమె కాళ్లు బురదలో చీలమండల దాకా దిగాయి. సమ్మెట మాత్రం కదల్లేదు. మెల్లగా కిందికి దించి, "వచ్చేసింది" అంది.

మా తాతగారు చక్రాన్ని తడి గోనెలతో పట్టుకొని లాగితే గారె పుల్ల మీంచి జారినంత సులువుగా వచ్చింది. ఒక్క రెక్కకూ గీత లేదు. ఆయన దాని పక్కనే బురదలో మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేశారు.

"కొట్టేవాళ్లని చాలామందిని చూశానండి" అన్నారు ఆమెతో. "పడే దెబ్బని ఆపినవాళ్లని ఇప్పుడే చూస్తున్నానండి. ఎలా ఆపారండి?"

పాపాయమ్మ తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "ఏమో బాబూ. నేనూ అదే అనుకుంటున్నా" అంది.

చక్రంతో పాటు పాత ఇరుసును బండెక్కించుకొని మా తాతగారు ధవళేశ్వరం వెళ్లారు. తిరిగొచ్చేలోగా బుల్లియ్యా పాపాయమ్మా తుప్పు తిన్న మరలన్నీ ఊడదీసి కొత్తవి చేశారు. వెనక ఇరుసును పట్టి ఉంచే ఇనప చెయ్యి సగానికి సగం తుప్పు తినేస్తే, అది కూడా కొత్తగా సాగగొట్టారు. అరిగిన రేకుల మీద మరో రేకు వేసి బిగించారు.

బండి మీంచి కొత్త ఇరుసు దించి, మీద చుట్టిన గోనె విప్పినప్పుడు పాపాయమ్మ వెనక్కి ఒక అడుగు వేసింది. పుట్టినప్పటి నుంచి ఆమె చూసిన ఇనుమంతా నల్లనిది, గరుకైనది, సమ్మెట మచ్చలున్నది. ఇది ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్లలా మెరుస్తోంది. వంగితే ఆమె ముఖం సాగి కనిపించింది.

"ఇది ఇనుమేనా?"

"ఇనుమేనండి. మరమీద పెట్టి చెక్కారండి."

"ఒక్క దెబ్బ మచ్చ కూడా లేదే!" ముట్టుకుంటే మురికవుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకొని ముట్టుకుంది.

చక్రం కొత్త ఇరుసుకు అతికినట్టు కూర్చుంది. పడవ గోడలోంచి ఇరుసు వచ్చే చోట కొవ్వు పట్టించిన జనపనార తాడు చుట్టి బిగించారు. జ్యేష్ఠంలో కాలవకు నీళ్లు వదిలారు. లాకు నిండుతుంటే లాంచి దుంగల మీంచి మెల్లగా తేలింది. లోపల తాడు దగ్గర కాస్త నీళ్లు ఊరాయి. మా తాతగారు మర తిప్పి బిగిస్తే ఆగాయి. బాయిలరులో ఆవిరి పట్టాక, "రండమ్మా, మీరిద్దరూ ఎక్కాలండి" అన్నారు.

ఊళ్లో ఆడవాళ్లు వద్దన్నారు. నడి కాలవలో అది విరిగితే ఎలా అన్నారు. పాపాయమ్మ చెప్పులు గట్టున విడిచి ఎక్కింది. ఇంజను వెనక చెక్క తలుపు ఎత్తి లోపలికి తొంగి చూసింది.

"తిప్పు బాబూ."

"తిరుగుతూనే ఉందండి."

ఆమె మళ్లీ చూసింది. ఎంత వేగంగా తిరుగుతోందంటే, మచ్చలేని ఆ ఇరుసు కదలకుండా పడుకున్నట్టే ఉంది. బుల్లియ్య కొబ్బరి పీచు పోగు దాని మీద వదిలాడు. కళ్లు మూసి తెరిచేలోగా అది చుట్టుకుపోయి మాయమైంది. అప్పుడు ఆమె చటుక్కున మొగుడి చెయ్యి పట్టుకుంది. జనంలో ఆమె ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలని బుల్లియ్య తరవాత చెప్పి నవ్వేవాడు.

రాజుగారు మాట తప్పలేదు. లాంచిని ఉంచారు. ఆషాఢం చివర్లో ఎగువకు వెళ్లేటప్పుడు మా తాతగారు ఆ దంపతుల్ని, ఆనకట్ట దగ్గర కాలవ మొదలయ్యే విజ్జేశ్వరం దాకా తీసుకెళ్లారు. పాపాయమ్మ జీవితమంతా గోదావరి నీళ్లే తాగింది, ఆ నీళ్లలోనే ఇనుము చల్లార్చింది. గోదావరిని మాత్రం చూడలేదు. ఆమెకు తెలిసింది కాలవే.

విజ్జేశ్వరం లాకు దగ్గర లాంచి ఆపి గట్టెక్కారు. ఎదురుగా ఎర్రనీళ్ల వరద. ఆనకట్ట మీంచి దూకుతున్న నీళ్ల హోరుకు కాళ్ల కింద గట్టు అదురుతోంది. అవతలి ఒడ్డున చెట్లు గడ్డిపరకల్లా ఉన్నాయి. వరదలో పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా కొట్టుకొచ్చి, ఆనకట్ట దగ్గర ఒక్కసారి నిలువుగా లేచి, కనపడకుండా పోతున్నాయి.

పాపాయమ్మ అలాగే నిలబడిపోయింది. బుల్లియ్య పిలిచాడు, వినపడలేదు. చివరికి మా తాతగారి వైపు తిరిగింది.

"మన కాలవలోకి వచ్చేది ఇందులోదేనా?"

"ఇందులో చిటికెడండి."

ఆమె గట్టు దిగి, అంచున కూర్చొని, దోసిలితో నీళ్లు తీసి కళ్లకద్దుకుంది. తరవాత అదే దోసిలి బుల్లియ్య ముందుకు చాచింది. నిప్పు మంటలకు ఆయన చూపు అప్పటికే మందగించింది, అవతలి ఒడ్డు ఆయనకు కనపడదు. అందుకని పక్కన కూర్చోబెట్టుకొని, కొట్టుకొస్తున్న ప్రతి చెట్టునూ ఎంత పెద్దదో, ఎలా లేచిందో, ఎటు పోయిందో చీకటిపడే దాకా చెబుతూ కూర్చుంది. లాంచిలో జనం ఆలస్యమైందని కసురుకున్నారు. మా తాతగారు మాత్రం బయల్దేరే కూత వెయ్యలేదు.