సాయిలు పసుపు బొట్టు

గచ్చిబౌలి స్టేడియం వెనక సందులో, ప్రహరీ గోడకు ఆనించి వేసిన రేకుల కొట్టు సాయిలుది. బోర్డు లేదు. గోడకు రెండు పాత టైర్లు వేలాడుతుంటాయి, అదే బోర్డు. ముప్పై ఏళ్ల కింద, చుట్టూ రాళ్లగుట్టలున్న రోజుల్లో, పాలవాళ్ల సైకిళ్లూ మేస్త్రీల సైకిళ్లూ బాగుచేస్తూ మొదలుపెట్టాడు. గుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలు కట్టిన కూలీలు సైకిళ్లు వదిలేసి మోటార్ సైకిళ్లు ఎక్కారు. ఇక కొట్టు ఎత్తేయాల్సిందే అనుకుంటున్న వేళకు, ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు సైకిళ్లు పట్టుకుని దిగివచ్చారు. లోకం తీరు అట్లా ఉంటుంది మరి, ఎవరేం చేస్తారు!

వాళ్లు తెచ్చినవి మామూలు సైకిళ్లు కావు. ఫిక్సీలంటారు. మామూలు సైకిల్ తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది, కాళ్లకు కాస్త విశ్రాంతి. ఫిక్సీకి ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాలు ఆడాల్సిందే. పైగా చాలామంది బ్రేకులు కూడా పెట్టించుకోరు, అదో గొప్ప. ఆపాలంటే ముందుకు వంగి, కాళ్లు బిగబట్టి, పెడళ్లను వెనక్కి తన్నిపట్టాలి. వెనక చక్రం కీచుమని ఈడ్చుకుపోయి ఆగుతుంది. దాన్ని స్కిడ్ అంటారు. ఎంత దూరం ఈడిస్తే అంత మొనగాడు. ఇదేం సరదానో, కడుపు నిండినవాళ్ల సరదా అని సాయిలు భార్య వసంత చాలాసార్లు అంది గానీ, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ సరదా వల్లే ఆ కొట్టు నిలబడింది.

పదేళ్ల కింద మొదటి ఫిక్సీ తెచ్చినవాడు గిరీష్. అనంతపురం కుర్రాడు, అప్పుడే ఉద్యోగంలో చేరాడు. పంక్చర్ వేయమని ఇచ్చి ఆఫీసుకు పోయాడు. పెడల్ ఆగకుండా తిరగడం చూసి సాయిలుకు జాలేసింది. పాపం, ఎవడో దగా చేసి అంటగట్టి ఉంటాడనుకుని, కాలు ఆపినా చక్రం తిరగనిచ్చే మంచి ఫ్రీవీల్ ఒకటి తన దగ్గరుంటే బిగించి పెట్టాడు, ఊరికేనే. సాయంత్రం గిరీష్ వచ్చి ఎక్కి, రెండు గజాలు తొక్కి, దిగి తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తివి కాకా! దీని ప్రాణం తీస్తివి గదప్పా!"

"అరే, నేను బాగుచేసిన గదరా!" అని సాయిలు బిక్కమొహం వేశాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆ ఫ్రీవీల్ విప్పారు. వెనక పళ్లచక్రం ఎట్లా కూర్చుంటుందో, దాన్ని ఊడకుండా పట్టే లాక్ రింగు ఎట్లా ఎడమ దిక్కుకు తిప్పితేనే బిగుస్తుందో సాయిలు అప్పుడే నేర్చుకున్నాడు. తర్వాత గిరీష్ ఒకణ్ని తెచ్చాడు, వాడు ఇద్దరిని తెచ్చాడు. చూస్తుండగానే కొట్టు ముందు ఆదివారం పొద్దున్నే పదీ పదిహేను సైకిళ్లు నిలబడసాగాయి. కంపెనీల్లో పెద్ద పెద్ద జీతాలవాళ్లు నేలమీద గొంతుక్కూర్చుని "కాకా, జర ఇది చూడవా" అని బతిమాలుతుంటే సాయిలు మొహంలో వెలుగు చూడాలి. పిల్లలు లేరు ఆయనకు. ఆ మాట ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు గానీ, ఆదివారాలు మాత్రం గడ్డం గీసుకుని వచ్చేవాడు.

ఆ లాక్ రింగు ఉంది చూశారూ, ప్రాణమంతా అక్కడే. అది వదులైతే, స్కిడ్ కోసం కాళ్లు వెనక్కి బిగబట్టినప్పుడు పళ్లచక్రం విప్పుకుపోతుంది. కాళ్లు ఖాళీగా తిరుగుతాయి, సైకిల్ ఆగదు. అయిదేళ్ల కింద దుర్గం చెరువు దిగుడులో ఒకడికి అట్లాగే అయి మోచెయ్యి విరిగింది. అప్పుడు సాయిలే ఒక ఉపాయం చెప్పాడు. రింగు గట్టిగా బిగించి, రింగు మీదుగా పళ్లచక్రం దాకా పసుపురంగు పెయింటుతో చిన్న నిలువు గీత పెట్టాడు. రింగు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది, ఎవరికైనా కనబడుతుంది. పిల్లలు దానికి "కాకా బొట్టు" అని పేరు పెట్టారు. పోటీలు పెట్టినప్పుడు కాకా బొట్టు లేని సైకిల్‌ను దిగనివ్వకూడదని షరతు రాసుకున్నారు. ఎంత ఖరీదు సైకిలైనా సరే, సాయిలు చెయ్యి పడాల్సిందే.

ఆ చెయ్యే మోసం చేసింది.

బోనాల రోజుల్లో మొదలైంది. ముందు బొటనవేలు తిమ్మిరెక్కింది, తర్వాత పక్క రెండు వేళ్లు. పానా పడితే పట్టినట్టు తెలియదు. చొక్కా గుండీలు వసంతే పెట్టేది. దవాఖానలో డాక్టరు చూసి, ఇన్నేళ్లు పానా తిప్పితిప్పి నరం నలిగిపోయింది, చేతికి పని మాన్పించు, ఆపరేషన్ చూద్దాం అన్నాడు. 

"ఆ పిల్లలకు చెప్పు," అంది వసంత ఆ రోజే. "నీ చెయ్యి నమ్ముకొని ఉరుకుతున్నరు వాళ్లు."

"ఎండాకాలం దాంక చూద్దం తీ."

"ఎండాకాలం దాంక ఎవనికన్న ఏమన్నైతే?"

"ముప్పై ఏండ్ల చెయ్యే ఇది. గుర్తుంటది దానికి," అని సాయిలు అటు తిరిగి పడుకున్నాడు.  ఆయన నిద్రపోలేదని వసంతకు తెలుసు.

డిసెంబర్‌లో ఒక ఆదివారం, తెల్లాపూర్‌లో పోటీ. పెద్ద పెద్ద గేట్ల కాలనీలు దాటాక కొత్తగా వేసి ఇంకా తెరవని రోడ్డు ఒకటుంది, అక్కడ. పొగమంచు పడుతోంది. ఆరింటికే సాయిలు బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఇరవై రెండు సైకిళ్లు వరుసలో ఉన్నాయి. పదో సైకిల్‌కు మణికట్టు లాగడం మొదలైంది. పదిహేనో దానికి చెయ్యి ఉందో లేదో తెలియలేదు. రింగుకు కొక్కెం పానా తగిలించడం, ఎడమకు తిప్పడం, పానా ఆగినట్టు కంటికి కనబడితే బొట్టు పెట్టడం. కంటితోనే బిగించాడు అన్నీ. ఒళ్లంతా అలసట. ఇంక ఎన్నున్నాయి దేవుడా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడే తప్ప, ఆ పొద్దు ఒక్క సైకిల్‌నూ ప్రేమగా చూడలేదు.

చివరిది జ్యోత్స్నది. బోరబండ పిల్ల, సాయిలు ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంటుంది, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. స్కిడ్‌లో మగపిల్లలెవరూ ఆమె దరిదాపుల్లోకి రారు. బొట్టు పెట్టించుకుని, ఒకసారి చూసుకుంటా అని రోడ్డు మీదికి పోయింది. వేగం పట్టి, వంగి, కాళ్లు బిగబట్టింది. కాళ్లు గిర్రున వెనక్కి జారాయి. కిందపడలేదు. బూటు రోడ్డుకు రాపాడిస్తూ ఎట్లాగో ఆగి, నవ్వుకుంటూ తోసుకుని వచ్చింది.

"చైన్ జారినట్టుంది కాకా, జర చూడు."

సాయిలు చూశాడు. పసుపు గీత రెండు ముక్కలైంది. మధ్యలో చిటికెనవేలు పట్టేంత సందు. ఆయన గబుక్కున దాని మీద బొటనవేలు పెట్టి కప్పేశాడు.

"అవు బిడ్డా, చైనే. ఇప్పుడే చేసిస్త."

ఇంత వయసొచ్చి, ఆ పిల్ల మొహం చూసి అబద్ధం ఆడాడు. అటు తిప్పుకుని, పానా మీద ఒళ్లంతా మోపి బిగించి, పాత గీత తుడిచి కొత్తది పెట్టాడు. ఎవరూ చూడలేదు. జ్యోత్స్న థాంక్స్ చెప్పి వెళ్లి వరుసలో నిలబడింది. అవతల గిరీష్ విజిల్ మెడలో వేసుకుని మొదటి ఇద్దరి పేర్లు పిలుస్తున్నాడు.

అయిపోయింది గదా, ఇక ఊరుకోవచ్చు. ఒక్కటే వదులైంది, సరిచేశాడు. మిగతావి బాగానే ఉండొచ్చు. సాయిలు ఆ మాట తనకు తాను నాలుగుసార్లు చెప్పుకున్నాడు. కానీ ఇరవై రెండు సైకిళ్లు ఎదురుగా నిలబడి ఉన్నాయి, అన్నిటికీ తన బొట్టు, ఏది గట్టిదో ఏది కాదో పెట్టిన తనకే తెలియదు. ఆ బొట్టు ధైర్యంతోనే వాళ్లు బ్రేకులు లేకుండా పోతున్నారు.  లేచి, కిరసనాయిలు గుడ్డ తీసుకుని, మొదటి సైకిల్ దగ్గర కూర్చుని బొట్టు తుడిచేశాడు. రెండోది తుడిచాడు. మూడోది తుడిచాడు.

"ఏంది కాకా, ఇప్పుడే పెట్టి ఇప్పుడే తుడుస్తవ్?" అని జ్యోత్స్న నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

గిరీష్ పరుగున వచ్చాడు. "యేమైంది కాకా? టైమైతాంది గదా."

"ఎవ్వలు ఎక్కొద్దు," అన్నాడు సాయిలు. "నాకు చెయ్యి తెలుస్తలేదు. జ్యోత్స్నది చైన్ గాదు, రింగే ఊడింది. అబద్ధం చెప్పిన."

ఎవరికీ అర్థం కాలేదు. సాయిలు బొటనవేలు చాపి "గిచ్చు బిడ్డా" అన్నాడు. జ్యోత్స్న మెల్లగా గిచ్చింది. "గట్టిగ గిచ్చు." గోరు దిగేలా గిచ్చింది. ఆయన రెప్ప కూడా వేయలేదు. ఆ పిల్లే కళ్లనీళ్లు పెట్టుకుంది.

పానా జ్యోత్స్న చేతికిచ్చాడు. ఆయన పక్కన గొంతుక్కూర్చుని చెప్తుంటే ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. "ఎడమకు... ఇంక కదుల్తున్నదా? కదుల్తే వదులున్నట్టు. నీ చేతికి తెలుస్తది, నన్ను అడగకు." ఇరవై రెండింట్లో మరో అయిదు వదులు తేలాయి. అందులో ఒకటి వేలితో తిప్పితేనే తిరిగింది. అది గిరీష్‌ది.

గిరీష్ ఆ రింగును తన వేలితో మళ్లీ తిప్పి చూశాడు. రోజూ దాని మీదే ఫ్లైఓవర్ దిగి ఆఫీసుకు పోతాడు, బ్రేకు లేకుండా.

"యెప్పట్నుంచి కాకా?"

"బోనాల కాడికెల్లి."

"అయిదు నెల్లు! ఇంట్లో ఆర్నెల్ల పాప ఉండాది కాకా నాకు. నీకు తెల్సు గదా, నువ్వే ఎత్తుకుంటివి గదా. యాల చెప్పల్యా నాకు?"

సాయిలు గుడ్డను ఇటు మడిచి అటు మడిచి, చివరికి అన్నాడు.

"చెప్తే ఇగ మీరు రారు గద బిడ్డా."

గిరీష్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెడలోని విజిల్ తీసి జ్యోత్స్నకిచ్చి, సైకిల్ ఎక్కకుండా తోసుకుంటూ వెళ్లిపోయాడు. పోటీ గంట ఆలస్యంగా జరిగింది. జ్యోత్స్నే గెలిచిందట. సాయిలు చూడలేదు, సామాను సర్దుకుని, ఆఖరి సైకిల్ చూడడం అయ్యాక మొదటి బస్సుకు ఇంటికొచ్చేశాడు. వసంత తలుపు తీసి, చొక్కా గుండీలు విప్పింది. ఆయన మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. నెలల తర్వాత అంత నిద్ర పట్టింది ఆయనకు.

సోమవారం కొట్టు తెరిచాడు, పోయేందుకు ఇంకో చోటు లేక. రెండు రోజులు ఎవరూ రాలేదు. బుధవారం ఇద్దరు వచ్చి, సైకిళ్లు వాళ్లే బిగించుకుని, ఆయన చెయ్యి వైపు చూడకుండా మాట్లాడి పోయారు. ఆపరేషన్‌కు సంక్రాంతి దాటాక రమ్మని దవాఖానవాళ్లు చీటీ రాసిచ్చారు. ఆ తర్వాత కూడా చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. కొట్టు సంగతి అప్పుడు చూద్దాం అంది వసంత.

శుక్రవారం మధ్యాహ్నం సందు మొగలో గిరీష్ కనబడ్డాడు. నడిచి వస్తున్నాడు, మెడలో ఆఫీసు కార్డు, చేతిలో రెండు చాయ్ కప్పులు. సాయిలు గబగబా లేచి స్టూలు తుడిచాడు. అలవాటుగా అతని వెనక్కి చూశాడు.

"సైకిల్ ఏదిరా?"

"ఇంట్లో పెట్టినా. ముందు చక్రానికి బ్రేక్ వేయించినా, వేరే చోట."

సాయిలు తలూపాడు. మంచి పనే చేశావన్నాడు.  "మరి ఈడ ఏం పని వడ్డది?"

"యేం పని లేదు," అని గిరీష్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక కప్పు సాయిలు ఎడమ చేతికి అందించాడు, కుడి చేతికి కాదు.

ముప్పై ఏళ్లలో ఆ కొట్టుకు సైకిల్ లేకుండా వచ్చిన మనిషి లేడు. సాయిలు చాయ్ తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"కోపం పోయిందారా?" అన్నాడు చివరికి.

"ఇంగా పోల్యా కాకా," అన్నాడు గిరీష్. "చాయ్ తాగు, సల్లగైతాంది."