పట్టు ఓణీ, అద్దె గొర్రెపిల్ల

మొన్న ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ రామన్ అవతలి కొండల్లో ఒక ఫార్మ్‌ను పూటకి అద్దెకు తీసుకుని మా మనవరాలికి హాఫ్ శారీ ఫంక్షన్ ఫొటోలు తీయించారు. ఫంక్షన్‌కు ముందే 'విలేజ్ థీమ్' అంటూ పిల్లకు పట్టు కట్టి గడ్డిమోపుల పక్కన నిలబెట్టడం ఇక్కడి మనవాళ్ళలో ఆచారమైపోయింది. మా అమ్మాయి ఇంకో మెట్టు పైకెక్కి, మ్యూజియంలో చూసిన, పద్దెనిమిదో శతాబ్దంలో రొకోకో శైలిలో గీసిన ఫ్రెంచి బొమ్మను ఫోన్‌లో చూపించి, అచ్చం అలాగే రావాలంది. అందులో సిల్కు గౌను తొడుక్కున్న పిల్ల, నీలం రిబ్బను కట్టిన గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూంటుంది. ఆ కాలపు గొప్పింటివాళ్ళు సరదాకి గొర్రెలకాపరి వేషం కట్టి అలా గీయించుకునేవారట. ఆ పిల్ల పాదాలు వెన్నముద్దల్లా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

గొర్రెలు కాసే పాదాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు మరి. ఇంట్లో ఒక్కరినే చదివించగలమని, మా అక్కను మూడో తరగతిలోనే మాన్పించి మంద వెంట పంపి, నన్ను బడికి పంపారు. ముసురు రోజుల్లో తడిసిన గొంగడి కప్పుకుని, గిట్టలు చెడి కుంటే గొర్రెను భుజాన వేసుకుని ఇల్లు చేరేది అక్క. గడపలో కూలబడి కాళ్ళు నా ముందుకు చాపేది. నేను పిన్నీసుతో ముళ్ళు తీస్తూంటే, నొప్పి మరిచిపోవడానికి ఆరోజు బడిలో పాఠం ఏమిటో చెప్పమనేది. తను పెద్దమనిషైనప్పుడు కూడా, మందను తోలేవాళ్ళు లేరని మూల కూర్చోబెట్టిన రోజులు పూర్తికాకుండానే లేపి పంపేశారు. పట్టు మాట దేవుడెరుగు, కొత్త పరికిణీ కూడా లేదు. నేను ఉద్యోగంలో చేరకముందే అక్క జ్వరంతో పోయింది.

షాంపూతో కడిగి తెచ్చిన గొర్రెపిల్లను ఎత్తుకుని మనవరాలు, "అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు ఎవ్రీ డే ఇలా ప్లే చేశావా? సో లక్కీ!" అంది. నేను కాదమ్మా, మా అక్క, అని మొదలుపెట్టాను. కథ అక్క కాళ్ళ దాకా రాకముందే మా అమ్మాయి, "అమ్మా, ప్లీజ్, ఇవాళ శాడ్ స్టోరీస్ వద్దు, లైట్ పోతోంది" అంది. అంతలో ఓణీ జారుతోందని పిన్నీసు అడిగారు. మన తరం ఆడవాళ్ళకు తెలిసిందే, గాజుకి పిన్నీసు లేకుండా గడప దాటం. తీసి ఇచ్చాను.

ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయట, ఒకటి పెద్దది చేసి హాల్లో పెడతారట. గొర్రెల వెంట తిరిగినన్నాళ్ళూ అక్క ఒంటికి పట్టు తగల్లేదు. ఇవాళ పట్టు కట్టినవాళ్ళు గొర్రెను అద్దెకు తెచ్చుకుంటున్నారు. మారింది ఇంతే. ఫొటోలో మనవరాలి భుజం దగ్గర నా పిన్నీసు చిన్నగా మెరుస్తూంది. ఎడిటింగ్‌లో అది చెరిపేస్తామన్నారు.