తర్సెట్టి పాడిన ఆదివారం

ఇటలీలో పార్మా దగ్గరి లాంగిరానోలో పంది తొడల్ని ఉప్పులో ఊరేసి, కొండగాలికి ఏడాదికి పైగా ఆరబెట్టే కొట్లు చాలా ఉన్నాయి. వాటిలో మూడు కొట్లకు దొరాందో కవాత్సా ముక్కే దిక్కు. గుర్రపు ఎముకతో చేసిన సన్నటి సూదిని తొడలో ఐదు చోట్ల గుచ్చి, గుచ్చిన ప్రతిసారీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఉంచండి" అంటే ఆ తొడ బజారుకు వెళ్ళేది. "తీసేయండి" అంటే గోతిలోకి వెళ్ళేది. యజమానులు బతిమాలినా, ఒకరిద్దరు కాళ్ళావేళ్ళా పడినా ఆ మాట మారేది కాదు.

"నేను మంచిదంటే మంచిదైపోతుందా? తిన్నవాడి కడుపుకి తెలీదూ?" అనేవాడు.

వారంలో ఆరు రోజులు ముక్కుతో బతికిన మనిషికి ఆదివారం మాత్రం చెవులే లోకం. ఒపేరా కాలం మొదలైతే చాలు, పొద్దున్నే ఇస్త్రీ కోటు వేసుకుని పార్మా బస్సెక్కేవాడు. అక్క నీవెస్ వెనకనుంచి, "పెళ్ళి చేసుకోరా అంటే వినడు. ఆ గొంతుల్నే కట్టుకున్నాడు!" అని వీధికంతా వినబడేలా అరిచేది. అందులో అబద్ధం లేదు.

నాటకశాలలో అన్నిటికన్నా పైన, కప్పుకు తల తగిలేచోట, గట్టి చెక్క బల్లలుంటాయి. మంగళ్ళు, కసాయివాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, రైల్వే కూలీలు అక్కడ కూర్చుంటారు. కింద మఖమలు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నగలు చూపించుకోడానికి వస్తారు. పైవాళ్ళు వినడానికి వస్తారు. వాళ్ళకి ప్రతి పాటా, ప్రతి మాటా కంఠతా వచ్చు. గాయని ఒక్క స్వరం జారినా ఈల పడుతుంది. అక్కడ ఈలంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. ఆ ఈలల దెబ్బకి పెట్టె సర్దుకుని రైలెక్కిన గాయనులు ఉన్నారు.

పై బల్లల మీద ఎవరికైనా అనుమానం వస్తే ఎడమవైపు స్తంభం వంక చూసేవాళ్ళు. దొరాందో అక్కడ నిలబడేవాడు. అతను చప్పట్లు కొడితే అందరూ కొట్టేవాళ్ళు. చేతులు కట్టుకుంటే ఈలలు లేచేవి. పాడేవాళ్ళకి కూడా ఆ స్తంభం సంగతి తెలుసు.

అతను పాతికేళ్ళుగా ఎందరో సోప్రానోలను, పైస్థాయి గాయనులను విన్నాడు. దేవుడి ముందు తన తప్పు తానే ఒప్పుకుని చితి ఎక్కే పూజారిణిగా కటరీనా బోసియో పాడినప్పుడు మూడు రోజులు పనికి వెళ్ళలేదు. ప్రియుడు చచ్చిపడివుంటే కోట గోడ మీంచి దూకే రోము పిల్లగా అదాల్జీసా మోరి దూకిన రోజున, నిజంగానే పడిపోయిందేమోనని ముందుకు వంగి కమ్మీ పట్టుకున్నాడు. కానీ ఎవరైనా అడిగితే చెప్పేవాడు: "బోసియోది నిప్పు. మోరిది కత్తి. తర్సెట్టిది రొట్టె. రోజూ తిన్నా మొహం మొత్తదు."

లివియా తర్సెట్టిని అతను మొదటిసారి విన్నది పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో. అతనికి ఇరవై నాలుగు, ఆమెకి ఇరవై రెండు. ఊపిరితిత్తుల జబ్బుతో కృశించి, ప్రేమించినవాణ్ణి వాడి మంచికోసమే వదులుకుని చనిపోయే పారిస్ వేశ్య పాత్ర. ఆ తరవాత ఆమె ఏ పాత్ర పాడినా వెళ్ళాడు. యుద్ధకాలంలో, నిప్పు లేని నాటకశాలలో, కన్నబిడ్డను పరాయి తల్లికి అప్పగించి కత్తి అందుకునే జపాను ఆవిడగా పాడుతుంటే, ఆమె నోటినుంచి పాటతోపాటు ఆవిరి రావడం చూశాడు. ఆమెతో ఒక్కసారీ మాట్లాడలేదు. మాట్లాడాలనీ అనుకోలేదు.

యాభైలో ఆమె పార్మాలో పాడతానని ఒప్పుకుని, ఒంట్లో బాగాలేదని తంతి పంపింది. పది రోజులు తిరక్కుండానే వేరే ఊళ్ళో పాడింది. పై బల్లలవాళ్ళు అది మరిచిపోలేదు. ఆరేళ్ళ తరవాత, యాభై ఆరు జనవరిలో, ఆమె మళ్ళీ వస్తోందనీ, అదే వేశ్య పాత్ర పాడబోతోందనీ గోడలమీద కాగితాలు పడ్డాయి. గొంతు పోయిందట అన్న పుకారు ఆమెకన్నా ముందే ఊళ్ళోకి వచ్చింది.

ఆ ఆదివారం ఆట మూడింటికి. దొరాందో నాటకశాల పక్కన కాఫీ కొట్లో నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. ఎర్సిలియా. లాంగిరానో రొట్టెలవాడి కూతురు. పన్నెండేళ్ళుగా తర్సెట్టికి వేషాలు తొడిగేది ఆమే.

"దొరాందో అన్నా, ఇటు మూలకి రా. ఒక్క మాట."

"ఏమైందమ్మాయ్? మొహం అలా పాలిపోయిందేం?"

ఎర్సిలియా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నవంబరు నుంచి అమ్మగారికి పైస్థాయి అందడం లేదు. మొదటి అంకం చివరి పాట ఇవాళ అర శ్రుతి తగ్గించి వాయిస్తారు. వాయించేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. మిగతావాళ్ళ సంగతి నాకు భయం లేదు. నీ చెవికి తెలిసిపోతుంది."

"తెలుస్తుంది."

"అందుకే వచ్చా."

"ఆవిడ పంపించారా?"

"అయ్యో! నేనొచ్చానని తెలిస్తే నన్ను బతకనివ్వరు. ఇవాళ్టిదీ కలిపి ఇంకో మూడు ఆటలు పాడి మానేద్దామనుకుంటున్నారన్నా. మర్యాదగా మానేయనియ్యి. నీ పుణ్యముంటుంది."

దొరాందో కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇంతవరకూ ఏ యజమానీ అతని చేత "ఉంచండి" అని అబద్ధం చెప్పించలేకపోయాడు. చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

"సరే. నోరు విప్పను, పో" అన్నాడు చివరికి.

పైకి వెళ్ళేసరికి బల్లలు కిటకిటలాడుతున్నాయి. మంగలి ఉలీసే ఫెర్రి, ఈలలకి పెద్ద, స్తంభం దగ్గరే కాచుకుని ఉన్నాడు. జేబులోంచి రేకు ఈల తీసి చూపించాడు.

"ఆరేళ్ళ బాకీరా ఇది! తుప్పు పట్టకుండా నూనె రాసి దాచా."

"మర్యాదగా విను ముందు."

"వింటాం వింటాం. మనమేం పశువులమా? అన్యాయంగా ఊదం. నువ్వు చప్పట్లు కొడితే నేనీ ఈల మింగేస్తా. నువ్వు చేతులు కట్టుకున్నావో, మహాతల్లి పెట్టె రైల్వే స్టేషన్లో ఉంటుంది. ఏరా, అదోలా ఉన్నావేం? మీ అక్క పెట్టిన అనోలినీ అరగలేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దొరాందో నవ్వలేదు.

తెర లేచింది. తర్సెట్టి తెల్లగౌనులో వచ్చింది. ఒళ్ళు వచ్చింది, నడక బరువెక్కింది. గొంతు మధ్యస్థాయిలో అలాగే ఉంది, కానీ పైకి వెళ్ళేకొద్దీ అంచులు పలచబడుతున్నాయి. ఉలీసే రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. దొరాందో చూపు తిప్పలేదు. విందు అయిపోయింది, అతిథులు వెళ్ళిపోయారు, ఆమె ఒక్కతే మిగిలింది. చివరి పాట రావాలి. అర శ్రుతి తక్కువలో వయొలిన్లు ఎత్తుకుంటాయని చెవులు సిద్ధం చేసుకున్నాడు.

వయొలిన్లు ఎత్తుకున్నాయి.

శ్రుతి తగ్గలేదు. పాతికేళ్ళ కిందట విన్న శ్రుతే. వెంట్రుకవాసి కూడా కిందకి దిగలేదు.

వాద్యాలవాళ్ళు పొరబడ్డారా? ఆమెకు తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది! ఆమె నిటారుగా నిలబడి, రెండు చేతులూ కిందకి వదిలి పాట అందుకుంది. పై బల్లల మీదున్న మూడు వందలమందిలో, ఆమె ఎక్కబోతున్న మెట్టు అక్కడ లేదని తెలిసినవాడు అతనొక్కడే. గొంతు చించుకుని "ఆపండి" అనాలనిపించింది. నోరు విప్పనని మాటిచ్చాడు. ఒక్కొక్క చరణం దాటుతుంటే కమ్మీని పిడికిట్లో బిగించాడు. మొదటి పైస్వరం దాటింది. రెండోది అంచు తగిలి దాటింది. మూడోదానికి ఆమె తల ఎత్తి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి చాలదని దొరాందోకి ముందే తెలిసిపోయింది.

గొంతు పగిలింది. గాజు పగిలినట్టు కాదు. బట్ట చిరిగినట్టు చిరిగి, వట్టి గాలి వినిపించింది.

వాయించేవాళ్ళు ఆగిపోయారు. పై బల్లల మీద తలలన్నీ స్తంభం వైపు తిరిగాయి. ఉలీసే పెదాల మధ్య ఈల ఉంది.

చప్పట్లు కొట్టలేడు, పగిలింది కనక. చేతులు కట్టుకోలేడు. తనేం చేస్తున్నాడో తనకే తెలియకుండా కమ్మీ మీదకి వంగి అరిచాడు.

"ఊపిరి తీసుకోమ్మా! తొందరేం లేదు! మళ్ళీ పాడు!"

కింద మఖమలు కుర్చీల్లో గుసగుసలు. తర్సెట్టి తలెత్తి చీకట్లోకి, సూటిగా ఎడమ స్తంభం వైపు చూసింది. వాద్యబృందం పెద్ద బెత్తం ఎత్తాడు. ఆమె చివరి చరణాన్ని మళ్ళీ ఎత్తుకుని, పైకి వెళ్ళకుండా, కింది స్వరంలోనే నిదానంగా ముగించింది. తెర పడింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు బుస్సుమన్నారు. ఉలీసే ఈల ఒక్కటే పొడుగ్గా మోగింది.

విరామంలో ఉలీసే అతని కోటు పట్టుకున్నాడు. "ఏమిట్రా ఇది? దాదిలా జోలపాడుతున్నావ్? పాట ఎత్తుకోగానే నీ మొహం చూశా. పగలకముందే నీకు తెలుసు. ఎలా తెలుసు?"

దొరాందో అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. "శ్రుతి తగ్గిస్తారని నాకు ముందే చెప్పారు. తగ్గించలేదు."

"ఎవరు చెప్పారు?"

"అది చెప్పను."

"అంటే తగ్గించి మోసం చేసినా నువ్వు నోరు మూసుకునేవాడివన్నమాట?"

"మూసుకునేవాణ్ణి."

చుట్టూ చేరినవాళ్ళలోంచి ఒక ముసలి చెప్పులవాడు, "నీమీదే ఆధారపడ్డాం కదరా ఇన్నేళ్ళూ. ఎన్నిసార్లు అమ్ముడుపోయావో ఎవడికి తెలుసు" అన్నాడు. దొరాందో ఇదే మొదటిసారి అంటే ఎవరు నమ్ముతారు? ఒక్కరొక్కరుగా స్తంభం దగ్గరనుంచి జరిగిపోయారు. ఉలీసే మాత్రం పోతూ పోతూ అన్నాడు. "చివరి అంకానికి నిన్నడగను. నా చెవులు చాలు."

చివరి అంకం మొదలయ్యేసరికి ఒకడి జేబులో కాదు, పది జేబుల్లో ఈలలున్నాయని అతనికి తెలుసు. ఆమె మంచం మీద ఉంది. ఈ అంకంలో పైస్వరాలు ఆట్టే లేవు, కానీ దాక్కునే చోటు కూడా లేదు. ప్రియుడి పాత ఉత్తరాన్ని పాడకుండా మామూలు మాటల్లో చదివింది. తరవాత గతానికి వీడ్కోలు చెప్పే పాట ఎత్తుకుంది. గొంతులో మొదటి అంకపు చిరుగు ఇంకా ఉంది. ఆమె దాన్ని దాచలేదు. ఆ చిరుగులోంచే పాడింది. చావబోతున్న మనిషికి ఊపిరి చాలకపోవడం ఎలా ఉంటుందో ఆ బల్లల మీదవాళ్ళు అంతవరకూ ఎవరి దగ్గరా వినలేదు. చిట్టచివరి స్వరాన్ని నూలుపోగంత సన్నగా లాగింది. అది తెగుతుందా, తెగదా? దొరాందో కళ్ళు మూసుకున్నాడు. తెగలేదు. ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది.

కుడివైపునుంచి ఎవడో ఈల ఎత్తబోయాడు. "నోర్ముయ్యరా గాడిదా!" అన్న గొంతు ఉలీసేదే. ఆపైన చప్పట్లు లేచాయి, బల్లల మీద కాళ్ళ తాపులు లేచాయి. దొరాందో కళ్ళు తెరిచి చూశాడు. ఒక్కరు కూడా స్తంభం వైపు చూడలేదు. అతను కొట్టిన చప్పట్లు ఎవరికీ వినబడలేదు.

ఆట అయ్యాక పక్కవాకిలి దగ్గర ఎర్సిలియా కోసం నిలబడ్డాడు. ఆమె ఏడ్చిన కళ్ళతో వచ్చింది.

"శ్రుతి ఎందుకు తగ్గించలేదమ్మాయ్?"

"తప్పంతా నాదేనన్నా. ఎక్కడికెళ్ళావని అమ్మగారు అడిగారు. అబద్ధం నోట రాలేదు. ఏమన్నాడని అడిగారు. నోరు విప్పనన్నాడని చెప్పా. అద్దంలో చూసుకున్నారు. 'ఆ మనిషి కూడా నామీద జాలిపడే స్థితికి వచ్చానా' అన్నారు. వెంటనే కబురు పంపారు, అసలు శ్రుతిలోనే వాయించమని."

దొరాందో గోడకి చెయ్యి ఆనించాడు. ఆ సాయంత్రం ఆమె గొంతు చించింది తన మాటే. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగానే తలుపు తెరుచుకుని, తలకి ఉన్ని శాలువా చుట్టుకుని తర్సెట్టి బయటికి వచ్చింది. ఎర్సిలియా చూపునిబట్టి అతనెవరో గుర్తుపట్టింది.

"స్తంభం మనిషివి నువ్వేనా?"

"నేనేనమ్మా." టోపీ తీశాడు.

"మొదటి అంకం ఎలా ఉంది?"

ఎర్సిలియా అతని వంక ప్రాధేయపడుతున్నట్టు చూసింది.

"పగిలిందమ్మా. రెండో పైస్వరం కూడా సరిగా లేదు."

"చివరిది?"

"ముప్పై ఒకటి నుంచి మిమ్మల్ని వింటున్నా. బోసియోని విన్నా, మోరిని విన్నా. ఇవాళ్టి చివరి అంకం లాంటిది ఎవరి నోటా వినలేదు."

"మొదటిది బాగుందని చెప్పి ఉంటే ఇది నమ్మేదాన్ని కాదు" అంది. చేతికున్న తొడుగు తీసి, వట్టి చెయ్యి అతనికందించింది. ఉప్పుకి మొరటుబారిన ఆ చేతిని గట్టిగా నొక్కి కారెక్కింది. మిగిలిన రెండు ఆటలూ ఆమె పాడలేదు. ఆపైన ఎక్కడా పాడలేదు.

దొరాందో ఆదివారాలు మానలేదు. రెండేళ్ళపాటు స్తంభం పక్కన ఎవరూ నిలబడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మూడో ఏడు, ఒక కొత్త పిల్ల పూజారిణి పాత్ర పాడుతుంటే ఉలీసే చెక్కబల్ల మీద కాస్త పక్కకి జరిగి, అతని మొహం చూడకుండానే, "కూర్చో. మోకాళ్ళు నొప్పులటగా" అన్నాడు. దొరాందో కూర్చున్నాడు. పాట అయ్యాక ఉలీసే మోచేత్తో పొడిచి, "ఏమంటావ్?" అన్నాడు.

"నువ్వేమంటావో ముందు చెప్పు."

"పై గొంతు బాగుంది. మధ్యలో పస లేదు."

"అవును" అన్నాడు దొరాందో. "పాతికేళ్ళదే కదా. వస్తుంది." ఇద్దరూ చప్పట్లు కొట్టారు.