చుక్కలు లెక్కపెట్టొద్దన్న స్వరూపక్క

నిన్న ఉదయం కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఉండగా ఆఫీస్ గ్రూప్‌లో మెసేజ్.

స్వరూపక్క ఇక లేదట.

బైక్ పక్కకు తీసి మళ్లీ మళ్లీ చదివాను. మొన్ననే కదండీ కాఫీ మెషిన్ దగ్గర నన్ను ఏడిపించింది! గుండెపోటట. ఏంటిది అసలు!

ఏడుస్తూ రాయాలని కూర్చున్నాను. అక్క గుర్తొస్తే నవ్వే వస్తోంది, ఏం చేయను!

తెలియని వాళ్లకు: అక్క మా టీమ్‌లో యాప్‌ల తప్పులు పట్టే టెస్టర్. సిద్దిపేట మనిషి. నేను రాసిన యాప్ అక్క చేతిలో పడిందంటే ఇక అయిపోయినట్టే.

మా బిల్డింగ్ సెక్యూరిటీ వాళ్ల కోసం అటెండెన్స్ యాప్ చేశాను. ‘హాజరు’ బటన్ నొక్కితే చాలు. నా మొదటి యాప్. కాలర్ ఎగరేసుకుని తిరిగాను!

యాప్ వాడకం మొదలైన నాలుగో రోజు అక్క ఒక చిన్న ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. గేటు దగ్గర డ్యూటీ చేసే మల్లేశన్నది.

“ఏంది తమ్మీ, బటన్ ఏది? మూడు దినాలు డ్యూటీ చేసినా ఆబ్సెంటే పడ్డదట. రేపటి సంది రావద్దన్నడట సూపర్‌వైజర్.”

వెంటనే కోడ్ తెరిచి చూశాను. పిక్సెల్స్, అంటే స్క్రీన్ మీది చుక్కలు, ఎక్కువ ఉంటే అది టాబ్లెట్ అనుకోమని కోడ్‌లో రాశాను. జానెడు కూడా లేని ఆ ఫోన్‌లో పిక్సెల్స్ కిక్కిరిసి ఉన్నాయి. యాప్ దానికి పెద్ద స్క్రీన్ డిజైన్ ఇచ్చేసింది. బటన్ కాస్తా అంచు దాటి బయటికి పోయింది.

అక్క బోర్డు మీద మార్కర్‌తో ముగ్గు చుక్కలు పెట్టింది. ఒకచోట దగ్గర దగ్గరగా, ఇంకోచోట దూరం దూరంగా.

“రెండు దిక్కులా గన్నే చుక్కలున్నయ్ గదా! మరి ముగ్గు ఒక్క తీరుగున్నదా? ఉత్త చుక్కలు లెక్కపెడితే ఎట్ల? ఎంత దగ్గరున్నయో చూడాలె.”

అబ్బ! స్క్రీన్ డెన్సిటీ మీద ఎన్ని వీడియోలు చూశానో, ఇంత బాగా ఎవరూ చెప్పలేదండీ!

పిక్సెల్స్‌ని డెన్సిటీతో భాగించి అసలు వెడల్పు తీసుకునేలా కోడ్ మార్చాను. లిఫ్ట్ కోసం ఆగకుండా ఇద్దరం మెట్ల మీదుగా పరిగెత్తాం. మల్లేశన్న ఫోన్ తెరిచాడు. బటన్ కనబడింది! నొక్కాడు. హాజరు పడింది! అక్క గేటు దగ్గరే విజిల్ వేసింది, నిజంగా!

ఆ ఊపులోనే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, “తప్పు మాది, ఆయనది గాదు” అని చెప్పి ఆ మూడు రోజులూ సరిచేయించింది.

తప్పు నాది. ‘మాది’ అంది చూశారా, అదీ అక్క!

నిన్న సాయంత్రం బాచుపల్లిలో ఇంటి నుంచి అక్కను తీసుకెళ్తుంటే మల్లేశన్న యూనిఫాంలోనే వచ్చి పాడె పట్టాడు. డ్యూటీ లేదా అన్నా అని అడిగాను.

“ఉన్నది సార్. ఇయ్యాల ఆబ్సెంటే పడనీ.”

అప్పుడు ఏడ్చాను.

ఇగ జర రెస్ట్ తీస్కో అక్కా. ఏ ఫికరూ లేని చల్లని చోట ఉండు.