మబ్బులత్త మోగించని గొట్టం

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అందరూ ఆమెను మబ్బులత్త అనేవారు. ఆమె పని మిద్దె మీద. తీగల మీద రెండు వందల దుప్పట్లు ఆరుతుంటే, పీట వేసుకుని కూర్చుని ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాలి. వాన మబ్బు పడితే గరిటె కాడతో నీళ్ళ గొట్టాన్ని మూడుసార్లు కొట్టాలి. కింద ఉతికేవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చి దుప్పట్లు లాగేస్తారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క దుప్పటీ తడవలేదు.

"కూర్చుని చేసే ఉద్యోగం! రాసిపెట్టుండాలి" అని ఇస్త్రీ ఆయన ఏడిపించేవాడు.

"ఆ బాయిలరు మూతి చూడు నాయనా. ఆవిరి బయటపడ్డచోట ఏమీ కనబడదు. బెత్తెడు దూరం పోయి చల్లబడ్డాకే తెల్లబడుతుంది. పైన కూడా అంతే. నా దుప్పట్ల తడే పైకెళ్ళి, చల్లబడి, ఇంత దుమ్ము రేణువును పట్టుకుని మబ్బవుతుంది. అవన్నీ నేను ఆరేసినవే."

"అయితే మడతపెట్టి తీసుకురా, ఇస్త్రీ చేసిపెడతా."

పొద్దున దూదిపింజల్లా విడివిడిగా ఉండే మబ్బులు, మధ్యాహ్నానికి అడుగు కత్తితో కోసినట్టు చదునుగా, తల కాలీఫ్లవరులా ఉబ్బి నిలబడేవి. వాటి అంచుల్లో వెలుగు చూస్తూ ఆమె అన్నం సంగతే మరిచిపోయేది.

పోయిన ఏడాది ఆమె కళ్ళకు ఆ అంచులు చెదరసాగాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పీట పోతుంది.

ఒక వారంలో రెండుసార్లు మసక చూసి గొట్టం కొట్టింది. కిందివాళ్ళు రొప్పుతూ పైకొచ్చి నిలబడిపోయారు.

"ఎక్కడత్తా మబ్బు? ఎండ నెత్తి మాడ్చేస్తోంటే!" అంది కింద ఉతికేవాళ్ళలో ఒకతైన ఆమె కోడలు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మూడోసారి మసక కమ్మినప్పుడు గరిటె ఎత్తింది. చెంపకు చల్లగాలి తగిలింది. అయినా చెవుల్లో ఆ నవ్వే ఉంది. ఇది నా కంటిదేలే అనుకుని గరిటె దించేసింది. చేతిమీద చినుకు పడ్డాక కొట్టింది గానీ, అప్పటికే వాన దబదబా మీద పడింది. దుప్పట్లన్నీ తడిసి ముద్దయ్యాయి.

"కంటి నరం ఎండిపోయిందమ్మా. ముందే రావాల్సింది. పోయిన చూపు రాదు, ఉన్నదీ నిలవదు" అన్నాడు కళ్ళ డాక్టరు. నెల తిరక్కుండానే లాండ్రీకి ఆరబెట్టే యంత్రం వచ్చింది. మిద్దె తలుపుకు తాళం పడింది.

ఇప్పుడు ఆమె ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంటోంది. పనికి బయల్దేరుతున్న కోడలిని రోజూ అడుగుతుంది.

"ఇవాళ మబ్బులెలా ఉన్నాయే?"

"ఉన్నాయత్తా, తెల్లగా."

"అంచులు?"

"మబ్బులకు అంచులేంటత్తా? నాకు టైమైపోతోంది."

తలుపు మూసుకున్న చప్పుడైంది. పదేళ్ళుగా గొట్టం మోగినప్పుడల్లా మిద్దె మీదికి పరుగెత్తుకొచ్చిన మనిషి. వచ్చిందీ, తల వంచుకుని దుప్పట్లు లాగిందీ, దిగిపోయిందీ. ఒక్కసారైనా పైకి చూడలేదు. అందరి బదులూ చూసింది తానొక్కతే.