చీదొద్దన్న డాక్టరు గారు

పెనుకొండ డాక్టరు గారు పోయారని హిందూపురం నుంచి పట్టు తెచ్చిన మనిషి చెప్పాడు. ఆ రోజంతా నాకు మగ్గం మీద చేయి సాగలేదు.

కొన్నేళ్ల కిందట నేనూ అలాగే బండిలో పట్టు వేసుకుని ధర్మవరం వస్తుంటే, పెనుకొండ దగ్గర బండి బోల్తాపడి నుదురు రాతికి కొట్టుకుంది. నన్ను ఆయన ఆస్పత్రిలోనే చేర్చారు. మూడోనాడు ఎడమ ముక్కులోంచి నీళ్లు కారసాగాయి. వంగితే ధారే. గొంతులోకి జారితే ఉప్పగా ఉండేవి. జలుబనుకున్నాను. కబురంది వచ్చిన మా అవ్వ గుడ్డపీలిక చుట్టి ముక్కులో పెట్టబోయింది. డాక్టరు గారు పరుగున వచ్చి ఆమె చేయి పట్టుకున్నారు.

"మూయొద్దవ్వా! ఇది జలుబు కాదు. ఎముక చిట్లి, మెదడు చుట్టూ ఉండే నీళ్లు కారతాండాయి."

"మూయకుంటే ఎట్ల నిలుస్తాయి నాయనా?"

"గాయం మానితే అవే నిలుస్తాయి. మూస్తే చీము లోపలికి పోతాది."

తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టించి నావైపు తిరిగారు. "చీదొద్దప్పా. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము. బరువులెత్తొద్దు."

రోజూ పొద్దున్నే వచ్చి, పలకరింపైనా లేకుండా, మెడ వంగుతుందో లేదో చూడటానికి "గడ్డం ఎదకు ఆనించు" అనేవారు. ఆనేదాకా ఆయన ముఖంలో నెత్తురుండేది కాదు.

ఎందుకంత భయమని ఒకనాడు అవ్వే అడిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తలుపుల అనే ఊరి నుంచి ఒకామెను తెచ్చారట. మిద్దె మీదినుంచి పడింది. చెవిలోంచి నీళ్లు.

"నేనే దూది గట్టిగా కూరినా. నాలుగోనాటికి జ్వరమొచ్చి మెడ కొయ్యబారింది. 'చెవిలోది తీ సామీ' అని ఏడుస్తానే పోయిందవ్వా. తీయలేదు నేను."



మూడో వారానికి నా నీళ్లు ఆగాయి. ఈరోజు నేను మగ్గం ముందు కూర్చుంటున్నానంటే ఆయన చలవే. పెనుకొండ వెళ్లినప్పుడల్లా ఆయన్ను చూసి వచ్చేవాణ్ణి. చివరిసారి నాకు కుర్చీ చూపించి, నా వెనక ఖాళీ గడపవైపు చూస్తూ, "ఆయమ్మను గూడా కూర్చోమనప్పా" అన్నారు. నేను వెనక్కి తిరగలేకపోయాను.

కర్మలనాడు వెళ్లాను. ఆయన రోగులను చూసే ముందుగది మూసి ఉంది. మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"డాక్టరు యాడికి పోయినాడబ్బా? ఎప్పుడొస్తాడు?"

లోపలినుంచి ఎవరో గడియ తీస్తున్నట్టు, ఆమె తలుపువైపే చూస్తూ ఉంది.